సైన్స్, లెక్కల టీచర్ల శిక్షణకు డబ్బు: నేను రోజూ వినే అపోహలు

హైదరాబాద్‌లో ప్రభుత్వ బడుల లెక్కలు, సైన్స్ టీచర్లకు శిక్షణ ఇవ్వడం నా పని. దానికి కావాల్సిన డబ్బు కోసం హైటెక్ సిటీ కంపెనీల ఆఫీసుల చుట్టూ తిరగడం కూడా ఆ పనిలో భాగమే. ప్రతిచోటా దాదాపు ఇవే మాటలు వింటున్నాను కాబట్టి ఒకచోట రాస్తున్నాను.

అపోహ: ల్యాబ్ పెట్టించి కిట్లు ఇస్తే మిగతాది టీచర్లే చూసుకుంటారు.

పాతబస్తీలో ఒక హైస్కూల్లో దాత ఇచ్చిన సైన్స్ కిట్ సీలు కూడా తీయకుండా బీరువాలో ఉండటం చూశాను. అందులో టీచర్ తప్పేమీ లేదు. ఏదైనా పగిలితే స్టాక్ రిజిస్టర్‌కు ఎవరు జవాబు చెప్పాలన్న టెన్షన్ ఒకటి, పైగా దాంతో పాఠం ఎలా నడపాలో పక్కన కూర్చుని చేయించినవాళ్లు ఒక్కరూ లేరు.

అపోహ: రెండు రోజుల వర్క్‌షాప్ ఖర్చు భరిస్తే శిక్షణ అయిపోయినట్టే.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. 3/4ను 1/8తో భాగించమంటే అందరం తిరగేసి గుణిస్తాం. ఎందుకు తిరగేయాలి? కాగితం మడిచి, ముప్పావు భాగంలో ఎనిమిదో వంతులు ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే ఆరు కనిపిస్తాయి, వర్క్‌షాప్‌లో టీచర్ల ముఖాలు వెలిగిపోతాయి. సోమవారం బడిలో ఒక పాప లేచి "2/5తో భాగిస్తే మడతలు కుదరట్లేదు మేడం" అంటుంది. అప్పుడు ఆ మేడం మళ్లీ తిరగేసి గుణించమనే చెబుతారు, ఇంకేం చేస్తారు? ఆ రోజు వెనక బెంచీలో కూర్చుని చూసి, పీరియడ్ అయ్యాక ఆమెతో మాట్లాడే మనిషి కావాలి, ఒక్కసారి కాదు, ఏడాదిలో నాలుగైదు సార్లు. ఆ మనిషి (మెంటర్) జీతం, బస్సు చార్జీలే అసలైన శిక్షణ ఖర్చు. బడ్జెట్‌లో అందరూ ముందు కొట్టేసేదీ ఆ లైనే. 2020 జాతీయ విద్యా విధానం ఏడాదికి కనీసం 50 గంటల శిక్షణ అంది, రెండు రోజుల్లో పన్నెండు గంటలు కూడా గట్టిగా రావు.

అపోహ: మెంటర్ల జీతాలు అడ్మిన్ ఖర్చు, కంపెనీలు చట్టం ప్రకారం సామాజిక పనులకు పెట్టే డబ్బులో, అంటే సీఎస్‌ఆర్‌లో, అది 5 శాతం దాటకూడదు.

ఆ 5 శాతం పరిమితి కంపెనీ తన సీఎస్‌ఆర్ పనుల సాధారణ నిర్వహణకు పెట్టుకునే ఖర్చుకు. ఒక ప్రాజెక్టు రూపకల్పన, అమలు, పర్యవేక్షణ, మూల్యాంకనాలకు నేరుగా అయ్యే ఖర్చు అందులోకి రాదని 2021లో సవరించిన నిబంధనల్లోనే ఉంది. దయచేసి మీ ఫైనాన్స్ వాళ్లతో ఆ నిర్వచనం ఒకసారి చదివించండి.

అపోహ: ఇచ్చిన డబ్బు మార్చి 31లోపు ఖర్చయిపోవాలి.

అవసరం లేదు. కంపెనీ బోర్డు దాన్ని కొనసాగే ప్రాజెక్టుగా ఆమోదిస్తే, మొదలుపెట్టిన ఆర్థిక సంవత్సరం కాకుండా మరో మూడేళ్ల దాకా నడపొచ్చు, మిగిలిన డబ్బును ఏప్రిల్ 30లోపు ప్రత్యేక ఖాతాలో వేయాలి. ఇది తెలియక ఫిబ్రవరిలో డబ్బు ఇచ్చి, మార్చిలో యుటిలైజేషన్ సర్టిఫికెట్ (డబ్బు ఖర్చయిందని రాసిచ్చే పత్రం) అడుగుతారు. పదో తరగతి పరీక్షల ముందు స్పెషల్ క్లాసులు వదిలి ఏ లెక్కల సార్ శిక్షణకు వస్తారు? మా ఏడాది జూన్‌లో మొదలవుతుంది, డబ్బు అప్పటికి చేతిలో ఉండాలి.

అపోహ: ప్రభుత్వం ఇస్తోంది కదా, ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక దీక్షాలో అన్నీ ఉచితమే కదా.

ప్రభుత్వ పాఠశాల విద్యా పథకం సమగ్ర శిక్షలో శిక్షణకు నిధులు ఉన్న మాట నిజమే, కేంద్రం 60, రాష్ట్రం 40 వంతున భరిస్తాయి. దీక్షా వీడియోలు కూడా పనికొస్తాయి. కానీ వీడియో తరగతిలోకి వచ్చి కూర్చోదు.

అపోహ: టీచర్లకే ఆసక్తి లేదు.

నిన్న రాత్రి తొమ్మిదికి ఒక మేడం ఫోన్ చేశారు, 2/5 మడతల గురించే. 3/4, 2/5 రెండింటినీ ఇరవయ్యో వంతుల్లోకి మారుద్దాం అన్నాను. అప్పుడు పదిహేనులో ఎనిమిది ఎన్నిసార్లు ఉందన్నదే ప్రశ్న. కాసేపు ఆగి, "ఒకసారి పోగా ఏడు మిగులుతుంది, ఆ ఏడు ఎనిమిదిలో ఎంత భాగమో పిల్లల్నే అడుగుతా" అన్నారు. గురువారం వాళ్ల ఏడో తరగతికి వెళ్తున్నాను.