గొంతు తోసే బలం కొలిచేదెవరు?

శ్రీకాకుళం వైపు అన్నం తింటూ ఎవరికైనా పొలమారితే నెత్తిన రెండు చరుపులు చరిచి ‘ఎవరో తలుచుకుంటున్నారు’ అంటారు. పక్షవాతం వచ్చిన మనిషికి పూటపూటా అదే జరుగుతుంటే ఆలోచించాల్సింది గొంతు గురించి. మంచినీళ్లకు పొలమారే పెద్దవాళ్లకు చిక్కటి చోడి (రాగి) అంబలి ఇబ్బంది లేకుండా దిగడం చాలా ఇళ్లలో చూసిందే. నీళ్లు చప్పున జారి, ఊపిరిగొట్టం మూసుకునేలోపే అటు పోతాయి. అంబలి నిదానం. అలాగని అందరికీ చిక్కగా పెట్టేస్తే సరిపోదు. తోసే కండరంలో బలం లేకపోతే ఆ చిక్కటిదే గొంతులో నిలిచి, తర్వాత ఊపిరిలోకి జారుతుంది. కొందరికి దగ్గు కూడా రాదు.

గొంతులోకి గొట్టం దింపి గుటక ఒత్తిడిని కొలిచే పరీక్షను మానోమెట్రీ అంటారు. ఆ బలాన్ని కొలవాలన్న ఆలోచన పాతదే. 1883 నాటికే శరీరధర్మ శాస్త్రవేత్తలు క్రొనెకర్, మెల్ట్జర్ గొంతులోకి రబ్బరు బుడగలు దింపి గుటకను నమోదు చేశారు. తర్వాత చాలాకాలం ఈ పని జీర్ణకోశ వైద్యులది, అదీ ఎక్కువగా అన్నవాహిక వరకే. నీళ్లు పారించే సన్నగొట్టాల పద్ధతి అన్నవాహికకు చాలింది కానీ, సెకనులోపే పని ముగించే గొంతును అందుకోలేకపోయింది.

ఇంకో తిరకాసు ఉంది. కంఠమణి మీద వేలు పెట్టి గుటక వేయండి, పైకి లేస్తుంది. మామూలుగా మూసుండి గుటకకు తెరుచుకునే అన్నవాహిక పైద్వారం కూడా దాంతోపాటే లేస్తుంది. ఒకే సెన్సరు పెడితే ద్వారం దాని మీంచి జరిగిపోతుంది, మనమేమో తెరుచుకుందనుకుంటాం. 1990లలో జీర్ణకోశ వైద్యుడు రే క్లౌజ్ సెన్సర్లను దగ్గరదగ్గరగా పేర్చి, ఒత్తిడిని రంగుల పటంగా చూపే దారి వేశారు. తర్వాత సెంటీమీటరుకొకటి చొప్పున 36 సెన్సర్లున్న గొట్టాలు వచ్చాయి.

మాట నేర్పే స్పీచ్ థెరపిస్టుకు ఇందులో పనేంటి? మాటకూ మింగుడుకూ నాలుక, అంగిలి, స్వరపేటిక ఒకటే. 1980లలో స్పీచ్ థెరపిస్టు జెరి లోగెమన్, ఎక్స్‌రేలో కనిపించే బేరియం మింగించి తీసే వీడియోను ఈ వృత్తిలోకి తెచ్చారు. 1988లో సుసాన్ లాంగ్మోర్ ముక్కులోంచి కెమెరా పెట్టి చూడటం మొదలుపెట్టారు. రెండిట్లోనూ కనిపించేది దారే, బలం కాదు. బేరియం అడుగున నిలిచిందంటే తోసేది బలహీనమా, తెరుచుకోవాల్సింది బిగుసుకుందా? మొదటిదానికి వ్యాయామం, రెండోదానికి ద్వారం సాగదీయడమో, బిగువు సడలించే బొటాక్స్ సూదో. ఈ తేడా ఒత్తిడి లెక్కలోనే తేలుతుంది. స్పీచ్ క్లినిక్‌లో ఈ మానోమెట్రీని ఎలా వాడాలో అమెరికాలోని విస్కాన్సిన్ బృందం 2014లో రాసింది.

ఈ పరీక్ష నేర్చుకునే శిక్షణలో అందరికీ టెన్షన్ గొట్టం దించడం గురించే. ముక్కులోంచి పోతుంటే వాంతి వచ్చినట్టవుతుంది, కొందరికి కళ్లు తిరుగుతాయి. అయినా అది కొన్నాళ్లకు చేతికొస్తుంది. నా లెక్కలో అసలు కష్టం రంగులు చదవడం: ఒత్తిడి ఎక్కువుంటే ఎరుపు, తక్కువుంటే నీలం. విశ్రాంతిలో ద్వారం ఆగకుండా సాగే పట్టీలా ఉంటుంది. గుటక పడగానే ఆ పట్టీ పైకి వంగి నీలంగా మారాలి. అదే క్షణంలో దానిపైన ఎర్రటి మెరుపు దిగాలి. నీలం కనబడకపోతే ద్వారమే తెరుచుకోలేదా, గొట్టం కదిలిందా అన్నది చెప్పాలంటే ఎన్నో పటాలు చూసిన కన్ను కావాలి.

మన దేశంలో స్పీచ్ థెరపీ చదువుకు పెద్ద పీట వేసిన సంస్థ, ఆల్ ఇండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్, 1965లో మైసూరులో పుట్టింది. దాని పేరులో వాక్కు, శ్రవణం ఉన్నాయి, మింగుడు లేదు. శ్రీకాకుళానికి 2008లో, విజయనగరానికి 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. అయినా ఈ గొట్టం అన్నిచోట్లా ఉండదు; లేని చోట మంచం పక్కనే పరీక్ష. చెంచాతో నీళ్లు పట్టి, కంఠమణి మీద వేళ్లు పెట్టి, మింగాక గొంతు తడిగా గరగరలాడుతోందేమో వింటారు. కంఠమణి లేచిందని వేళ్లకు తెలుస్తుంది. లోపలి ద్వారం ఎంత బిగువుగా ఉందో తెలియదు.