కంట్లో పువ్వు, కొల్లాజెన్ అమరిక: కృత్రిమ కార్నియా వెనుక చరిత్ర

విశాఖపట్నంలోని కంటి ఆసుపత్రులకు వచ్చే ఉత్తరాంధ్ర రైతుల నోట "కంట్లో పువ్వు వేసింది" అన్న మాట వినబడుతుంటుంది. వరి ఆకో గడ్డి పరకో గీసుకుని, కంటి ముందుభాగాన ఉండే పారదర్శక పొర అయిన కార్నియాకు పుండు పడితే, అది మానిన చోట తెల్లటి మచ్చ మిగులుతుంది. మచ్చ చూపును కమ్మేస్తే, దానంగా వచ్చిన కార్నియాను అమర్చడమే ప్రధాన చికిత్స. 2016లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనం ప్రకారం ప్రపంచంలో 1.27 కోట్ల మంది కార్నియా కోసం ఎదురుచూస్తుండగా, ప్రతి 70 మందికి ఒక్కటే అందుతోంది. కొల్లాజెన్ వంటి సహజ పాలిమర్లతో (జీవుల్లో ఉండే పొడవైన గొలుసుల్లాంటి అణువులతో) కార్నియాను తయారుచేసే ప్రయత్నాలకు ఈ కొరతే ప్రధాన కారణం.

కార్నియాలో నీటిని మినహాయిస్తే మిగిలేది ఎక్కువగా కొల్లాజెన్. చర్మానికి బలమిచ్చేదీ, కనుగుడ్డు తెల్లభాగంలో ఉన్నదీ అదే ప్రోటీన్. ఒకే పదార్థం ఒకచోట సున్నంలా తెల్లగా, దాని అంచునే అద్దంలా ఎలా ఉందన్న ప్రశ్నకు 1957లో శాస్త్రవేత్త డేవిడ్ మారిస్ సమాధానం చెప్పారు. కార్నియాలోని కొల్లాజెన్ పోగులు సుమారు 30 నానోమీటర్ల సమాన మందంతో, దాదాపు సమానమైన ఎడంతో పేర్చి ఉంటాయి కనుక, ఒక్కో పోగు పక్కలకు చెదరగొట్టే కాంతి పరస్పరం రద్దయి, ముందుకు సాగే కాంతి మాత్రమే నిలుస్తుంది. తెల్లగుడ్డులో ఆ క్రమం లేదు. కార్నియా లోపలి కణాలు అదనపు నీటిని నిరంతరం బయటికి తోడకపోతే పోగుల మధ్య ఎడం చెదిరి, కన్ను మసకబారుతుంది. మానిన పుండు చోట కొత్త పోగులు క్రమం తప్పి అల్లుకోవడమే పువ్వు.

వైద్యం మాత్రం చాలాకాలం ఈ పదార్థాన్ని అనుకరించలేదు. 1905లో కంటి వైద్యుడు ఎడువార్డ్ జిర్మ్ తొలిసారి విజయవంతంగా మరొక మనిషి కార్నియాను అమర్చారు. 1949లో లండన్‌లో కంటి వైద్యుడు హెరాల్డ్ రిడ్లీ, యుద్ధ విమానచోదకుల కళ్లలో చిక్కిన ప్లాస్టిక్ ముక్కలకు శరీరం పెద్దగా ఎదురుతిరగలేదని గమనించి, అదే ప్లాస్టిక్‌తో శుక్లాల రోగికి కటకం అమర్చారు. కటకానికి ఆ జడత్వం వరమైంది. కణాలూ నరాలూ అల్లుకోవలసిన కార్నియాకు అదే లోపం. నా దృష్టిలో ఈ చరిత్రకు అసలు మలుపు ఈ తేడాయే.

2010లో వెలువడిన అధ్యయనం ప్రకారం, స్వీడన్‌లో పదిమందికి అమర్చిన, ఈస్ట్ సాయంతో తయారైన మానవ కొల్లాజెన్ కార్నియాల్లోకి నరాలు తిరిగి పెరిగాయి. పంది చర్మపు కొల్లాజెన్‌తో చేసిన పొరను భారత్, ఇరాన్‌లలో 20 మందికి అమర్చిన ఫలితాలు 2022లో వెలువడ్డాయి. అదే ఏడాది హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ, ఐఐటీ, కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు మానవ కార్నియా కణజాలం నుంచి త్రీడీ ప్రింటింగ్‌తో చేసిన కార్నియాను కుందేలుకు అమర్చారు. పట్టు ప్రోటీన్‌తో శరీరంలో కరిగిపోయే కటకాలు, రొయ్య పెంకు నుంచి తీసే కైటోసాన్‌తో పారదర్శక పొరలు కూడా పరిశోధనల్లో ఉన్నాయి.

అయితే పంది కొల్లాజెన్ పొరను అమర్చింది కార్నియా పలచబడి ముందుకు పొడుచుకువచ్చే కెరటోకోనస్ రోగులకు. పువ్వు వేసిన కళ్లకు కాదు. అందువల్ల ఉత్తరాంధ్ర రైతుకు ఇప్పటికీ ఆధారం, మరణించిన ఆరు గంటలలోపు కుటుంబసభ్యుల అంగీకారంతో నేత్రనిధి సేకరించే కార్నియాయే.