బైపాస్ పడుతుందంటే ముందు చూసుకోవాల్సింది దస్తావేజులో ధర: అపోహలు - వాస్తవాలు

పోయిన నెల ఒక పెద్దమ్మ చీర కొంగులో 50 వేలు కట్టుకుని నా టేబుల్ ముందు కూర్చుంది. ఎకరంన్నర భూమికి బయానా తీసుకుందట. "బైపాస్‌ల పోతదంట బిడ్డా, పోయేదానికి ఎంతొస్తే అంత అని ఇచ్చేస్తున్న" అంది. ఏ సర్వే నంబరు, ఎవరు చెప్పారు అని అడిగితే, కొనేవాళ్లు ఫోన్‌లో మ్యాప్ చూపించారని చెప్పింది. నల్లగొండలో 22 ఏళ్లుగా దస్తావేజులు రాస్తున్నాను. ఇలాంటి మ్యాప్ పట్టుకుని ఎవరో ఒకరు రాని వారం లేదు.

నకిరేకల్ నుంచి నల్లగొండ మీదుగా నాగార్జునసాగర్ వైపు పోయే 565 జాతీయ రహదారికి, మన టౌన్ దగ్గర 14 కిలోమీటర్ల నాలుగు వరుసల బైపాస్ కోసం కేంద్రం 2024 అక్టోబరులో 516 కోట్లు మంజూరు చేసింది. మంజూరైన సంగతి నిజం. దాని చుట్టూ పుట్టిన మాటలు వేరు.

అపోహ: మ్యాప్‌లో గీత మా చేను మీద ఉంది, భూమి పోయినట్లే.

వాస్తవం: వాట్సాప్ గీతతో ఎవరి భూమీ పోదు. జాతీయ రహదారుల చట్టం 1956లో దీనికి వరుస ఉంది. ముందు చిన్న 3ఏ (ఇంగ్లిష్ చిన్న అక్షరం a), అంటే భూసేకరణ అధికారిని నియమించే ప్రకటన. ఆ తర్వాత పెద్ద 3ఏ (పెద్ద అక్షరం A), అంటే ఈ భూములు తీసుకోవాలనుకుంటున్నామనే ప్రకటన. సర్వే నంబర్లు అచ్చయ్యేది ఇందులోనే. గెజిట్‌తో పాటు రెండు పత్రికల్లో వేయాలి, ఒకటి స్థానిక భాషలో ఉండాలి. ఆ రోజు నుంచి 21 రోజుల్లో అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వొచ్చు. అభ్యంతరాలు విన్నాక 3డి వస్తుంది, దానితో భూమి కేంద్రానికి దఖలు పడుతుంది. పెద్ద 3ఏ వచ్చిన ఏడాదిలోగా 3డి రాకపోతే, కోర్టు స్టే ఉన్న కాలం తీసేసి, ఆ 3ఏ చెల్లదు. చిన్న 3ఏ వార్త చూసే భూమి పోయిందని ఏడ్చినవాళ్లను చూశాను. పెద్ద 3ఏలో నంబరు చూసుకోకుండా 21 రోజులూ పోగొట్టుకున్నవాళ్లనూ చూశాను.

ఇక అన్నిటికంటే ఎక్కువ ముంచే అపోహకు వస్తాను.

అపోహ: దస్తావేజులో ప్రభుత్వ విలువ రాస్తే చాలు, స్టాంపు డబ్బులు మిగులుతాయి.

వాస్తవం: తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. ఎకరం 40 లక్షలకు కొని 10 లక్షలని రాయిస్తే, దాచిన 30 లక్షల మీద మిగిలేది 2 లక్షల 25 వేలు. ఆ ఒక్క లెక్కే అందరికీ కనిపిస్తుంది.

రెండో లెక్క రోడ్డు వచ్చిన రోజు మొదలవుతుంది. పరిహారం 2013 భూసేకరణ చట్టం ప్రకారం కడతారు. జాతీయ రహదారులకూ 2015 జనవరి నుంచి అదే లెక్క. భూమి విలువ తేల్చడానికి అధికారి ముందు రెండు అంకెలు ఉంటాయి. ఒకటి, రిజిస్ట్రేషన్ శాఖ పెట్టిన విలువ, అంటే ప్రభుత్వ విలువ. రెండోది, చుట్టుపక్కల అలాంటి భూములకు గత మూడేళ్లలో అయిన దస్తావేజుల్లో ఎక్కువ ధర రాసిన సగం తీసి, వాటి సగటు. రెండింట్లో ఏది ఎక్కువైతే అది. రైతుకు మేలు జరగాలనే ఆ రెండో దారి పెట్టారు. కానీ ఊరు ఊరంతా ప్రభుత్వ విలువే రాయించుకుంటే, ఎంత పై సగం తీసినా సగటు మళ్లీ ప్రభుత్వ విలువ దగ్గరే ఆగుతుంది.

10 లక్షల మీద 100 శాతం సొలేషియం (ఇష్టం లేకున్నా భూమి తీసుకుంటున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ము) కలిపితే 20 లక్షలు. 40 లక్షల మీద కలిపితే 80. పట్టణానికి దూరాన్ని బట్టి ఊరి భూములకు వేసే గుణకం, ఏడాదికి 12 శాతం అదనం, ఇవన్నీ ఆ మొదటి అంకె మీదే పడతాయి. రెండు లక్షల పైచిలుకు మిగుల్చుకోవడానికి 60 లక్షలు వదులుకుంటున్నాం. పైగా మీరు రాయించిన తక్కువ ధర మీ ఒక్కరితో ఆగదు. పక్క చేను వాళ్ల సగటులోకీ అదే పోతుంది.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి మా ఇంటి సంగతే కారణం. మా నాన్న కూడా దస్తావేజు లేఖరే. పాత 1894 భూసేకరణ చట్టం ఉన్న రోజుల్లో మా మూడెకరాలు ఒక కాలువ కింద పోయాయి. అప్పుడు సొలేషియం 30 శాతమే. ధర చాలదని నాన్న కోర్టుకు వెళ్లాడు. అసలు రేటు ఇంత అని ఊళ్లో పది మంది సాక్ష్యం చెప్పారు. కాగితం చూపించమంటే ఒక్కరి దగ్గరా లేదు. అవార్డులో, అంటే పరిహారం తేల్చిన ఉత్తర్వులో, ధరకు ఆధారంగా చూపిన నాలుగు దస్తావేజుల్లో రెండు నాన్న చేత్తో రాసినవే. అందరూ అడిగినట్టే ఆయనా తక్కువ ధర వేసి రాశాడు. ఆ రాత్రి అవార్డు కాపీ నా చేత మళ్లీ చదివించుకుని, అన్నం తినకుండా పడుకున్నాడు. అప్పటినుంచి నా దగ్గర దస్తావేజు రాయించుకునే ప్రతివాళ్లకూ, వాళ్లు విసుక్కున్నా సరే, ఈ రెండు లెక్కలూ కాగితం మీద వేసి చూపిస్తాను.

మిగతావి త్వరగా చెప్తాను.

మార్కింగ్ వేశాక రేకుల షెడ్డు వేస్తే డబ్బులొస్తాయంటారు. రావు. నోటిఫికేషన్ తేదీ నాటికి ఉన్నదానికే విలువ కడతారు. అప్పు తెచ్చి షెడ్డు వేసినవాళ్లకు మిగిలింది అప్పే.

బైపాస్ ఫేసింగ్ ప్లాటు అయితే రేపే షాపు తెరవొచ్చంటారు. జాతీయ రహదారి మీదికి దారి తెరవాలంటే అనుమతి కావాలి, కట్టడం ఎంత వెనక్కి ఉండాలో కూడా నిబంధన ఉంది. గుంటల లెక్కన అమ్ముతున్న చోట ముందు లేఅవుట్ అనుమతి చూడండి, ఫేసింగ్ సంగతి తర్వాత.

డబ్బు తీసుకుంటే ఇంక అడిగే హక్కు ఉండదంటారు. ఇది భయపెట్టే మాట. అభ్యంతరంతో తీసుకుంటున్నానని రాసిచ్చి తీసుకోండి, జాతీయ రహదారుల చట్టం 3జి(5) కింద ఆర్బిట్రేటర్ (మధ్యవర్తి) దగ్గరికి వెళ్లండి. అక్కడా న్యాయం కాలేదనుకుంటే జిల్లా కోర్టు ఉంది.

పట్టా తాత పేరు మీద ఉన్నా పరిహారం మనకే కదా అంటారు. వారసులెవరన్న దాంట్లో తగాదా వస్తే అది కోర్టుకు పోతుంది. అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసేది కూడా సరిగ్గా అప్పుడే. నోటిఫికేషన్ రాకముందే విరాసత్, అంటే వారసుల పేరు మీదికి పట్టా మార్పు, చేయించుకోండి.

పెద్దమ్మ సంగతి కూడా అక్కడికే వచ్చింది. ఆమె సర్వే నంబరు ఏ నోటిఫికేషన్‌లోనూ లేదు. పాస్‌బుక్ తెరిస్తే, చనిపోయి ఆరేళ్లయిన భర్త పేరు ఉంది. అంటే ఆ భూమి ఆమె ఒక్కతే అమ్మడానికీ లేదు. కొనేవాళ్లు అది తెలిసీ బయానా చేతిలో పెట్టిపోయారు. రాత కోతలేవీ కాలేదు కాబట్టి అదే సాయంత్రం నలుగురి ముందు ఆ 50 వేలూ తిరిగి ఇప్పించాం. విరాసత్‌కు భూభారతిలో (ప్రభుత్వ భూమి రికార్డుల పోర్టల్) దరఖాస్తు కాగితాలు సిద్ధం చేశాను. ఇద్దరు కొడుకులు సంతకాలు పెట్టారు. కూతురు మిర్యాలగూడలో ఉంటుంది, ఆదివారం వస్తానంది.