డ్రైవర్ లేని బండిని దూరం నుంచి నడపడం: అపోహలు - వాస్తవాలు

డ్రైవర్ లేని బండి ఎటూ తేల్చుకోలేక నడిరోడ్డు మీద ఆగిపోతే, కంట్రోల్ రూమ్‌లోని మనిషి, అంటే ఆపరేటర్, దాన్ని గట్టెక్కించాలి. దానికి కావాల్సిన సాఫ్ట్‌వేరే నా పని. దీని గురించి తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: ఆ కార్లను ఎక్కడో కూర్చుని ఎవరో నడుపుతూనే ఉంటారు.

బండికో మనిషిని పెట్టేటట్టయితే ఇంత తంటా దేనికి? అమెరికాలో డ్రైవర్ లేని టాక్సీలు నడిపే వేమో కంపెనీ పద్ధతిలో కారు సందేహం అడుగుతుంది, మనిషి జవాబు చెబుతాడు, నడిపేది మాత్రం కారే. నేరుగా స్టీరింగ్ తిప్పే పద్ధతీ ఉంది. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ పరిశోధకులు 2022లో ఓపెన్ సోర్స్‌గా, అంటే కోడ్ ఎవరైనా చూసి వాడుకునేలా, అందరి ముందుకు తెచ్చిన సాఫ్ట్‌వేర్ అలాంటిదే. రోబోల కోసం చాలామంది వాడే ఆర్‌ఓఎస్ అనే సాఫ్ట్‌వేర్ మీద దాన్ని కట్టారు.

అపోహ: 5జీ వస్తే కారు వీడియో ఆలస్యంగా చేరే సమస్య తీరిపోతుంది.

ఆలస్యమంతా నెట్‌వర్క్‌దే అనుకుంటారు. సెకనుకు 30 ఫ్రేములు తీసే కెమెరాలో రెండు ఫ్రేముల మధ్యే 33 మిల్లీసెకన్లు పోతాయి. తర్వాత వీడియోను కుదించాలి, పంపాలి, విప్పాలి, స్క్రీన్ మీద చూపాలి. మొత్తం 300 మిల్లీసెకన్లు అయిందనుకోండి, 50 కిలోమీటర్ల వేగంలో కారు నాలుగు మీటర్లు దాటిపోయాక మీరు ఆ దృశ్యం చూస్తారు.

దీన్ని కొలవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. మిల్లీసెకన్లు చూపే స్టాప్‌వాచ్‌ను కారు కెమెరా ముందు పెట్టి, దాన్నీ ఆపరేటర్ స్క్రీన్‌నూ కలిపి ఒకే ఫొటో తీయండి. రెండు చోట్లా కనిపించే సమయాల తేడాయే మీ ఆలస్యం. అయితే ఒక్కసారి తీసి ఊరుకోకండి. ఎప్పుడూ ఒకేలా ఉండే ఆలస్యానికి చెయ్యి అలవాటు పడుతుంది, క్షణానికోలా మారేదే ఆపరేటర్‌కు అసలు టెన్షన్. అందుకే సిగ్నల్ తగ్గినప్పుడు పాత ఫ్రేములను క్యూలో దాచడం కంటే బొమ్మ నాణ్యత తగ్గించడమే నయం.

అపోహ: నెట్ పోతే బండి అదుపు తప్పుతుంది.

అదుపు తప్పేలా రాస్తేనే తప్పుతుంది. కంట్రోల్ రూమ్ నుంచి నిమిషనిమిషం కాదు, క్షణక్షణం ‘ఉన్నాను’ అనే సందేశం వెళ్తుండాలి. అది ఆగిందంటే బండి తనంతట తాను ఆగాలి. డ్రోన్లను, బండ్లను నడిపే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఆర్డుపైలట్‌లో దీన్ని ఫెయిల్‌సేఫ్ అంటారు. ఏదైనా ప్రాజెక్టు చూస్తే నేను ముందు తెరిచేది ఈ భాగాన్నే. ఓపెన్ సోర్స్ కాబట్టి తెరవగలను కూడా. ఫ్లైఓవర్ మలుపులోనో రైల్వే గేటు మీదో ఆగితే ఏమిటన్నది మాత్రం ఇంకా కష్టమైన ప్రశ్న.

అపోహ: కోడ్ బయట ఉంటే హ్యాకర్లకు పండగే.

భద్రత తాళంచెవిలో ఉండాలి, కోడ్ దాచడంలో కాదు. బండికీ కంట్రోల్ రూమ్‌కీ మధ్య సందేశాలు పంపే పద్ధతుల్లో ఒకటైన మావ్‌లింక్ రెండో వెర్షన్‌లో ప్రతి సందేశానికీ డిజిటల్ సంతకం పెట్టే వీలుంది. సంతకం వల్ల పంపింది ఎవరో తేలుతుంది గానీ సందేశం రహస్యం కాదు. రహస్యంగా ఉంచాలంటే, సందేశాలను ఇతరులు చదవలేకుండా చేసే వీపీఎన్ లాంటిది వేరే కావాలి.

అపోహ: ఉచితమే కదా, డౌన్‌లోడ్ చేసి కారుకు తగిలించేయొచ్చు.

స్టీరింగ్, బ్రేకులతో మాట్లాడే భాగం ఒక్కో బండికి ఒక్కోలా ఉంటుంది, దాన్ని మీరే రాసుకోవాలి. పరీక్షించేది ముందు సిమ్యులేటర్‌లో, అంటే కంప్యూటర్‌లోని నకిలీ రోడ్డు మీద, తర్వాత బొమ్మకారంత బండి, ఆ తర్వాతే జనం తిరగని ట్రాక్. ఐఐటీ హైదరాబాద్‌లోని టిహాన్ అనే పరిశోధన కేంద్రంలో ఇలాంటి వాహనాలను పరీక్షించడం కోసమే కట్టిన టెస్ట్‌బెడ్ ఉంది.