బిల్లు విశాఖలో, ప్లేయర్ పర్లాకిమిడిలో: డీవీడీ వారంటీ వెనకటి కథ

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి మహేంద్రతనయ నది దాటితే ఆంధ్రలోని పాతపట్నం. బరంపురం దాటి దక్షిణానికి వస్తే ఇచ్ఛాపురం. రాష్ట్రం మారినా బజారు మారదు. పెళ్లిబట్టలకీ బంగారానికీ టీవీకీ అటువాళ్లు ఇటూ, ఇటువాళ్లు అటూ వెళ్లిరావడం తాతలనాటి అలవాటు. వస్తువు బాగా పనిచేసినన్నాళ్లూ ఈ సరిహద్దు ఎవరికీ గుర్తుండదు. డీవీడీ ప్లేయర్ తెరమీద 'నో డిస్క్' అని పడిన రోజున గుర్తొస్తుంది. బిల్లు విశాఖది, ఇల్లు గజపతి జిల్లాలో, కంపెనీ సర్వీస్ సెంటరేమో భువనేశ్వర్‌లో.

ఇప్పుడు కొత్తగా ప్లేయర్ కొనేవాళ్లు అరుదే. కానీ పెళ్లి వీడియోలు, ఓణీల ఫంక్షన్లు, పోయినవాళ్ల మాటలు డిస్కుల్లోనే ఉండిపోయాయి కాబట్టి అటకమీంచి దింపి బాగుచేయించుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. పైగా ప్లేయర్‌తో పాటు అంటగట్టిన ఎక్స్‌టెండెడ్ (అదనపు) వారంటీ పోలేదు, టీవీకీ ఫ్రిజ్‌కీ వాషింగ్ మెషీన్‌కీ మారింది. దాని లోగుట్టు తెలియాలంటే పాతికేళ్లు వెనక్కి వెళ్లాలి.

డీవీడీ కంటే ముందు ఈ ప్రాంతపు ఇళ్లలోకి వచ్చింది వీసీడీ (వీడియో సీడీ). 1993లో దాని ప్రమాణం ఖరారైంది. ఒక్కో డిస్కుకు 74 నిమిషాలే పట్టేది కాబట్టి రెండున్నర గంటలు దాటిన తెలుగు సినిమాకు మూడు డిస్కులు కావలసివచ్చేవి. డీవీడీ ప్లేయర్లు 1996 నవంబరులో జపాన్‌లో, 1997 మార్చిలో అమెరికాలో అమ్మకానికి వచ్చాయి. ఒక్క పొరలోనే 4.7 జీబీ, అంటే సినిమా మొత్తం ఒకే డిస్కులో. అయితే ఒకచోట అమ్మిన డిస్కు మరోచోటి ప్లేయర్‌లో ఆడకుండా ప్రపంచాన్ని రీజియన్లుగా విడగొట్టి కోడు పెట్టారు. మన దేశాన్ని రీజియన్ 5లో వేశారు, గల్ఫ్ దేశాలను 2లో. కువైట్ నుంచో దుబాయ్ నుంచో బంధువులు తెచ్చిన ప్లేయర్‌లో ఇక్కడ కొన్న రీజియన్ 5 డిస్కు ఆడకపోతే అది రిపేరు కాదు, కోడు గొడవ. దానికి లెన్సు మార్పించి డబ్బు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

తొలి ప్లేయర్లు మధ్యతరగతికి అందని ధరలో ఉండేవి, లోపల సరుకూ గట్టిగానే ఉండేది. తర్వాత చైనా ఫ్యాక్టరీలు రంగంలోకి దిగాయి. అసలు కీలకం ఇక్కడుంది. ప్లేయర్ ఎంత చవకైనా పేటెంట్ల రాయల్టీ చవకగా ఉండేది కాదు. బొమ్మను కుదించే ఎంపెగ్-2 ఒక్కదానికే 2002 నుంచి ప్లేయర్‌కు రెండున్నర డాలర్లు, అంతకుముందు నాలుగు. దానిపైన డీవీడీ పేటెంట్లున్న కంపెనీల రెండు కూటముల వాటాలు వేరే. ఆ ఖర్చు తయారీదారు చేతిలో లేదు కాబట్టి కోత పెట్టగలిగింది లోపలి భాగాల్లోనే: కెపాసిటర్లు, పవర్ బోర్డు, ట్రే గేర్లు, లెన్సు. అదే కాలంలో మీడియాటెక్ ఎంటీ1389 లాంటి ఒకే చిప్పు ప్లేయర్ పనంతా చేయడం మొదలుపెట్టింది. దాంతో డబ్బా తేలికైంది, ధర మూడు వేల లోపుకు పడింది. మోజర్ బేర్ సంస్థ 28 రూపాయలకు వీసీడీ, 34 రూపాయలకు డీవీడీ అమ్మిన రోజులవి. డిస్కు చవక, ప్లేయర్ చవక. లోపలున్నదీ చవకేనని తెలిసింది మాత్రం ఒకటి రెండు వర్షాకాలాలు గడిచాక.

చెడిపోయేవాటిలో ముందు చెప్పుకోవలసింది పవర్ బోర్డు. ప్లేయర్‌ను రిమోట్‌తో ఆపితే పూర్తిగా ఆగినట్టు కాదు, గోడ స్విచ్ ఆపేదాకా 230 వోల్టులు బోర్డుమీదే ఉంటాయి. అవి డయోడ్లు దాటి డీసీగా మారేసరికి సుమారు 325 వోల్టులు. వాటిని పట్టి ఉంచే పెద్ద కెపాసిటర్ సామర్థ్యం 400 వోల్టులు. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పటి లాంటి గాలివానల్లో స్తంభాలు కూలితే, కరెంటు మళ్లీ ఇచ్చేటప్పుడు న్యూట్రల్ తీగ తెగి ఉండవచ్చు. అప్పుడు సింగిల్ ఫేజ్ ఇంట్లోకి 300 వోల్టులు, ఇంకా పైనే రావచ్చు. 300 అంటే డీసీలో 424. కెపాసిటర్ ఉబ్బి పేలుతుంది, పక్కనున్న స్విచ్చింగ్ ఐసీ (కరెంటును వేగంగా ఆపుతూ వదులుతూ ఉండే చిప్పు, చాలా ప్లేయర్లలో వైపర్ 22ఎ) తనతో పాటు ఫ్యూజును తీసుకుపోతుంది.

మూత తీసి చూస్తే ఒక తమాషా కనబడుతుంది. ఫ్యూజు పక్కన బోర్డుమీద గుండ్రంగా ఒక గుర్తు, రెండు బెజ్జాలు, వాటిలో ఏ భాగమూ ఉండదు. అది వేరిస్టర్ చోటు. వోల్టేజి మితిమీరితే తాను షార్టై ఫ్యూజును కొట్టించి మిగతా బోర్డును కాపాడే నీలం బిళ్ల. డిజైన్‌లో ఉంది, తయారీలో ఎగిరిపోయింది. 471 అని రాసి ఉన్న 10 మిల్లీమీటర్ల వేరిస్టర్ ఐదు పది రూపాయలకు దొరుకుతుంది. రిపేరుకు ఎలాగూ విప్పారు కాబట్టి అది కూడా వేయించుకోవడం మేలు.

ఫ్యూజు గాజు నల్లగా మాడి ఉంటే లోపల షార్టుందని అర్థం, కొత్త ఫ్యూజు వేసినా అదే క్షణంలో పోతుంది. ముందు ప్లగ్గు తీసి పెద్ద కెపాసిటర్‌ను డిశ్చార్జి చేయాలి. లేదంటే ప్లగ్గు తీశాక కూడా షాకు కొడుతుంది. నాలుగు డయోడ్లు, ఐసీ మీటరుతో చూసి, పోయినవి మార్చాక నేరుగా మెయిన్స్‌కు పెట్టకుండా 60 వాట్ల సిరీస్ బల్బు (కరెంటు దారిలో వరసగా కలిపిన బల్బు) ద్వారా పెట్టాలి. బల్బు ఒక్కసారి మెరిసి మసకబారితే బాగున్నట్టు, వెలుగుతూనే ఉంటే షార్టు ఇంకా ఉన్నట్టు. ఎల్‌ఈడీ బల్బుతో ఈ పరీక్ష కుదరదు, పాతకాలపు ఫిలమెంట్ బల్బే కావాలి.

పవర్ వస్తుంది, కానీ కంపెనీ బొమ్మ దగ్గరే ఆగిపోతుంది, లేదా దానంతటదే ఆగి మళ్లీ మొదలవుతుంది అంటే అనుమానం 5 వోల్టుల లైన్‌మీదికి వెళ్లాలి. అక్కడి 1000 మైక్రోఫారడ్ 10 వోల్టుల కెపాసిటర్ తల ఉబ్బి ఉంటుంది. దాని స్థానంలో అదే విలువ గల 16 వోల్టులది, 105 డిగ్రీలు రాసి ఉన్నది వేస్తే ఖర్చు పది రూపాయల లోపే. ఈ ఒక్క లోపానికి 'మెయిన్ బోర్డు పోయింది' అని చెప్పి ప్లేయర్ ధరలో సగం అడిగే చోట్లు ఉన్నాయి. బోర్డు మార్చమన్నవారిని ముందు 5 వోల్టులు కొలిచి చూపించమనండి.

రెండోది లెన్సు. డీవీడీ లెన్సు యూనిట్‌లో రెండు లేజర్లుంటాయి: డీవీడీకి 650 నానోమీటర్లది, సీడీ-వీసీడీలకు 780ది. డీవీడీ ఆడి వీసీడీ ఆడకపోతే, లేదా అటుదిటైతే, ఒక లేజరు బలహీనపడిందన్నమాట. అలాంటప్పుడు తుడిచి లాభం లేదు. రెండూ ఆడకపోతేనే తుడిచి చూడాలి. బరంపురం వైపు సముద్రపు తేమ, కొండవైపు రాయగడలో ఎర్రదుమ్ము, రెండూ లెన్సుమీద పొరకడతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి పిండిన దూదిపుల్లతో ఒత్తిడి పెట్టకుండా ఒకటి రెండుసార్లు తిప్పాలి, అంతే. లెన్సు ప్లాస్టిక్ కాబట్టి సెంటూ శానిటైజరూ వాడితే మసకబారుతుంది.

దానికీ లొంగకపోతే రిబ్బన్ కేబుల్ తీసి మళ్లీ గట్టిగా కూర్చోపెట్టాలి. తర్వాత డిస్కు తిప్పే మోటారు చూడాలి. మోటారు బ్రష్షులు అరిగితే లెన్సు ఎంత కొత్తదైనా 'నో డిస్క్' తప్పదు. అన్నీ బాగుంటే అప్పుడు లెన్సు మార్పు. పాతదానిమీది నంబరు చూసి అదే తెచ్చుకోవాలి. సాన్యో హెచ్‌డీ62, హెచ్‌డీ65 చూడ్డానికి కవలల్లా ఉంటాయి, కానీ ఒకదాని బదులు మరొకటి అన్నిటికీ సరిపోదు. కొత్త లెన్సును స్టాటిక్ నుంచి కాపాడేందుకు ఫ్యాక్టరీలో రెండు చుక్కలను సోల్డరుతో కలిపి పంపుతారు. రిబ్బన్ పెట్టాక ఆ సోల్డరు తీసేయాలి. తీయడం మరిచిపోయి 'కొత్త లెన్సు కూడా డెడ్' అని పారేసినవి ఎన్నో. యూనిట్ పక్కనున్న చిన్న స్క్రూ తిప్పి లేజరు కరెంటు పెంచే నాటువైద్యం కూడా ఉంది. కొన్నాళ్లు బ్రహ్మాండంగా ఆడుతుంది, ఆ తర్వాత లేజరు పూర్తిగా పోతుంది. అమ్మేయబోయే ప్లేయర్‌కు ఇది చేస్తారు, ఉంచుకునేదానికి చేయించుకోకూడదు.

ట్రే బయటికి రాకపోతే నూటికి తొంభైపాళ్లు రబ్బరు బెల్టే. పది రూపాయల వస్తువు. రిమోట్ పనిచేయకపోతే ఫోన్ కెమెరాను దాని ముక్కుకు ఎదురుగా పెట్టి బటన్ నొక్కితే, వెలుగు కనబడితే రిమోట్ బాగున్నట్టే.

ఇక లెక్క చూద్దాం. ప్లేయర్ మూడు వేలు, రెండేళ్ల అదనపు వారంటీ 450 అనుకుందాం. లెన్సు సుమారు 300, మజూరీ 200. పవర్ బోర్డు ఐసీతో సహా బాగుచేయిస్తే మూడు నాలుగొందలు. అంటే ఆ రెండేళ్లలో ఒక పెద్ద రిపేరు దాదాపు తప్పనిసరిగా వస్తేనే 450 గిట్టుతుంది. వస్తుందా? తయారీ లోపమున్న ప్లేయర్ మొదటి కొన్ని నెలల్లోనే బయటపడుతుంది, దానికి కంపెనీ ఉచిత వారంటీ ఉంది. లేజరు, మోటారు, కెపాసిటర్ అరిగేది నాలుగైదేళ్ల వాడకం తర్వాత, అప్పటికి అదనపు వారంటీ కూడా ముగుస్తుంది. నడుమ ఆ రెండేళ్లే ప్లేయర్‌కు ఆరోగ్యకాలం. దుకాణం అమ్మింది సరిగ్గా ఆ ఆరోగ్యకాలానికే.

అప్పుడైనా చెడితే షరతులు అడ్డొస్తాయి. చిన్న అక్షరాల్లో మామూలుగా ఉండేవివి: వోల్టేజి హెచ్చుతగ్గుల వల్ల పోతే చెల్లదు, అరుగుదల చెల్లదు, రిమోట్ చెల్లదు, బయటి మెకానిక్కు సీలు తీస్తే చెల్లదు, ఏడాదికింత చొప్పున విలువ తగ్గించి కడతారు. తుపాను జిల్లాలో వోల్టేజి చెల్లదంటే మిగిలేది ఎంత? కాగితం రాసేవాడికి ఇక్కడి కరెంటు సంగతి బాగా తెలుసు.

సరిహద్దు చిక్కు వీటన్నిటికీ పైన. కంపెనీ ఇచ్చే వారంటీ సాధారణంగా దేశమంతా చెల్లుతుంది. దుకాణం అమ్మే అదనపు వారంటీ మాత్రం పిన్‌కోడ్ చూసి నడుస్తుంది. బిల్లుమీద 53తో మొదలయ్యే ఆంధ్ర పిన్ వేసి ఉంటుంది, ఇంటికి రమ్మంటే చిరునామా 76తో మొదలవుతుంది. 'మా పరిధి కాదు, వస్తువు మీరే తీసుకురండి' అంటారు. బరంపురం నుంచి భువనేశ్వర్ దాదాపు 170 కిలోమీటర్లు. మూడొందల లెన్సు కోసం రెండుసార్లు రానూపోనూ చార్జీలు, రెండు రోజుల కూలి పోగొట్టుకోవాలి.

చట్టం కూడా చాలాకాలం ఈ చిక్కును విప్పలేదు. 1986 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదును అమ్మకందారు వ్యాపారం చేసే చోటో, వివాదం పుట్టిన చోటో వేయాలి. విశాఖలో కొన్న గుణుపురం మనిషి మూడు వేల ప్లేయర్ కోసం విశాఖ ఫోరం మెట్లెక్కడం జరిగే పని కాదు, దుకాణాలకూ అది తెలుసు. 2020 జులై 20న అమలులోకి వచ్చిన 2019 చట్టం దీన్ని మార్చింది. 34వ సెక్షన్ కింద కొన్నవారు తాము నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. ఐదు లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే చాలాసార్లు అక్కడే తేలుతుంది. బిల్లు ఇవ్వకపోవడాన్నే అదే చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా లెక్కేసింది. పన్ను కలిసొస్తుందని బిల్లు లేకుండా కొనే సరిహద్దు అలవాటుకు దెబ్బ అక్కడే.

నాణ్యత అదుపు సంగతీ అంతంతమాత్రమే. ఎలక్ట్రానిక్ వస్తువులు భద్రతా ప్రమాణాలకు తగ్గట్టున్నాయని నమోదు చేయించాలన్న 2012 నాటి తప్పనిసరి రిజిస్ట్రేషన్ ఆదేశంలో డిస్క్ ప్లేయర్లను చేర్చారు గానీ 200 వాట్లు, అంతకు మించిన ఆంప్లిఫయర్ ఉన్నవాటినే. మూడు వేల లోపు మామూలు ప్లేయర్ ఆ గీతకు చాలా దిగువన ఉండిపోయింది.

2016 సెప్టెంబరులో జియో వచ్చాక సినిమా ఫోన్‌లోకి చేరింది, 2018లో మోజర్ బేర్ లిక్విడేషన్‌కు వెళ్లింది. ఇప్పుడు ప్లేయర్ రిపేరుకు ఐదొందలకు మించి అడిగితే ఆలోచించవలసిందే. ఇంట్లో ఉన్నవి పెళ్లి డిస్కులు మాత్రమే అయితే ఆ డబ్బు కాపీకి పెట్టడం నయం. కంప్యూటర్ డీవీడీ డ్రైవులో డిస్కు పెట్టి, వీడియో_టీఎస్ ఫోల్డర్‌ను అలాగే హార్డ్ డిస్కులోకి లాగాలి. లోపలి వీఓబీ (వీడియో) ఫైళ్లు ఒక్కోటి ఒక జీబీ లోపే ఉంటాయి కాబట్టి మామూలు 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకీ ఎక్కుతాయి. డిస్కు మధ్యలో ఆగిపోతే మెత్తటి గుడ్డతో నడుమ నుంచి అంచుకు నేరుగా తుడిచి, మరో డ్రైవులో ప్రయత్నించాలి. ఒక డ్రైవు చదవనిది ఇంకోటి చదవడం మామూలే. ఇంట్లో రాయించుకున్న డిస్కుల్లో రంగుపొర ఏటేటా చెడుతుంది, అందుకని ఈ పని వచ్చే వర్షాకాలం లోపే చేసుకోవాలి. ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో ఉంటే రెండోది వేరే ఇంట్లో ఉంచాలి.