ర్యాపర్ల టాప్ లిస్టుల్లో అసలు లెక్కపెట్టేది ఏంటి?

ఏటా ఏదో ఒక అమెరికన్ పత్రికో ఛానెలో "ఈ ఏడాది టాప్ ర్యాపర్లు వీళ్ళే" అని లిస్ట్ వదలడం, ఫ్యాన్స్ కొట్టుకోవడం మామూలైపోయింది, మన దగ్గర నంబర్ వన్ హీరో ఎవరనే రచ్చ లాగానే. కాకపోతే ఒక్కో లిస్ట్ ఒక్కోదాన్ని కొలుస్తుంది, ఆ సంగతి పట్టించుకోకుండానే సగం గొడవలు జరుగుతుంటాయి.

అమెరికన్ మ్యూజిక్ పత్రిక బిల్‌బోర్డ్ ర్యాప్‌కి విడిగా చార్ట్ పెట్టింది 1989లో. అప్పటికి ఆల్బమ్ అమ్మకాల లెక్కంటే షాపుల వాళ్ళు ఏం చెబితే అదే. 1991 మే నుంచి బార్‌కోడ్ స్కాన్ లెక్కలు తీసుకున్నారు, జూన్ కల్లా ఎన్‌.డబ్ల్యు.ఏ. అనే ర్యాప్ గ్రూప్ ఆల్బమ్ అన్ని రకాల మ్యూజిక్‌నీ దాటేసి నంబర్ వన్‌లో కూర్చుంది! జనం ముందు నుంచీ కొంటూనే ఉన్నారు, లెక్కే సరిగా లేదంతే.

పాట ఎలా ఉందో తేల్చే పని 'ది సోర్స్' పత్రికది. రేటింగ్ మైకుల్లో ఇచ్చేవాళ్ళు, ఐదు మైకులొస్తే ఇక తిరుగులేదు, 1994లో నాస్ అనే ర్యాపర్ మొదటి ఆల్బమ్‌కి ఐదూ పడ్డాయి. తర్వాత ఆ పత్రిక ఓనర్లలో ఒకడైన బెంజినో స్వయంగా ర్యాపర్ కావడం, ఎమినెమ్‌తో గొడవ పెట్టుకుని దాన్ని పత్రిక పేజీల్లోకే తేవడంతో పరువు పోయింది.

ఎంటీవీ వాళ్ళు ఇంకో దారి పట్టారు, కొంతమందిని ఒక గదిలో కూర్చోబెట్టి ఈ ఏడాది ఎవరు హాట్ అని వాదించుకోమని, ఆ వాదననే షోగా వేసేశారు. 2012లో రిక్ రాస్, 2013లో కెండ్రిక్ లమార్ టాప్. నాకైతే ఇదే కాస్త నిజాయితీగా అనిపిస్తుంది, ఇది మా అభిప్రాయం అని ఓపెన్‌గా చెప్పేశారు కదా.

అసలు తమాషా బిజినెస్ పత్రిక ఫోర్బ్స్‌ది. 2007లో సంపాదన లెక్కన ర్యాపర్లకి ర్యాంకులు మొదలెట్టింది, మొదటి ఏడాది జే-జీ, 34 మిలియన్ డాలర్లు. మరుసటి ఏడాది 50 సెంట్ ఏకంగా 150 మిలియన్లతో పైకొచ్చాడు, అదంతా పాటల డబ్బనుకునేరు, విటమిన్ వాటర్ కంపెనీని కోకాకోలా కొనేసింది, అందులో ఈయనకి వాటా ఉండేది. 2014లో డాక్టర్ డ్రే 620 మిలియన్లు! ఆపిల్ 3 బిలియన్లు పెట్టి బీట్స్ హెడ్‌ఫోన్స్ కంపెనీని కొన్న ఏడాది అది, ఆయన సోలో ఆల్బమ్ వచ్చి మాత్రం అప్పటికి 15 ఏళ్ళు. కొత్త ఆల్బమ్ 2015లో వచ్చింది, ఆ ఏడాది ఫోర్బ్స్ టాప్‌లో ఉన్నది డిడ్డీ, ఆయనకి డబ్బు తెచ్చిపెట్టిన వాటిలో పెద్దది వోడ్కా డీల్.