దవడ బండికి రెండెద్దులు

"అన్నం నములుతుంటే చెవి దగ్గర టక్కుమంటోంది. డాక్టరు చూసి చెవికేం లేదన్నారు. మరి ఆ చప్పుడు ఎక్కడిది?" అని ఒక పాఠకురాలు అడిగారు.

చెవికి ఒక్క వేలెడు ముందుకు జరిగితే జవాబు దొరుకుతుంది. రెండు చూపుడువేళ్లూ చెవి రంధ్రాలకు కాస్త ముందు ఆనించి నోరు మెల్లగా తెరవండి. వేళ్ల కింద గుండ్రటి ఎముక ముందుకు జారి, అక్కడ చిన్న గుంట పడుతుంది. అదే దవడ కీలు. బడిలో మోచేయి మడతబందు కీలు, భుజం బంతిగిన్నె కీలు అని బట్టీ పట్టించి వదిలేస్తారు గానీ, మడతబందూ జారుడూ కలగలిసిన ఈ వింత కీలు గురించి ఎవరూ చెప్పరు. నోరు మొదటి 20, 25 మిల్లీమీటర్లు తెరుచుకునేదాకా ఇది తలుపులా తిరుగుతుంది. ఆపైన సొరుగులా ముందుకు జారుతుంది.

అసలు తమాషా ఏమిటంటే, కీళ్లు రెండు, ఎముక ఒక్కటే. కాడికి కట్టిన రెండెద్దుల్లాగా. దాపటెద్దు ఆగి వలపటిది నడిస్తే బండి ఎడమకు తిరుగుతుంది కదా? దవడా అంతే. అద్దం ముందు నిలబడి, కింది ముందుపళ్ల మధ్యగీత ఎటు పోతోందో చూస్తూ నోరు తెరవండి. నిట్టనిలువుగా దిగితే రెండెద్దులూ సమానంగా నడుస్తున్నట్టు. ఎడమకు వెళ్లి అక్కడే ఉండిపోతే ఎడమ కీలు మొరాయించిందని అనుమానించాలి. అప్పుడు దవడను ఎడమకు జరపడం తేలికే, కుడికి జరపడమే కష్టం. రెండూ మొరాయిస్తే బండి వంకర పోదు, కొంచెం కదిలి ఆగిపోతుంది.

మరి టక్కు? కాడి కింద ఎద్దు మెడకు మెత్త వేసినట్టు, ఈ ఎముక తల మీద ఒక డిస్కు ఉంటుంది. అది ముందుకు జారిపోతే, ఎద్దు అడుగు వేసినప్పుడు మెడ మళ్లీ మెత్త కిందికి దూరుతుంది. ఆ దూరడమే టక్కు. అందుకే కొందరికి దవడ ముందు ఒక పక్కకు పోయి, చప్పుడవగానే మధ్యకు వచ్చేస్తుంది. డిస్కు మధ్యభాగంలో నరాలు లేవు, నొప్పి తెలియదు. దాని వెనక కణజాలంలో నిండా నరాలే. ఎముక తల వెళ్లి అక్కడ నొక్కితే మాత్రం ప్రాణం లేచొస్తుంది. మెత్త కిందికి దూరడమే కుదరకపోతే చప్పుడు ఆగిపోతుంది, కానీ నోరు 25, 30 మిల్లీమీటర్ల దగ్గర పట్టేస్తుంది. టక్కు పోయిందని సంతోషించేముందు నోరెంత తెరుచుకుంటోందో చూసుకోవాలి.

కొలవడానికి స్కేలు అక్కర్లేదు. మీ చూపుడు, నడిమి, ఉంగరపు వేళ్లు మూడూ ఒకదాని మీద ఒకటిగా ముందుపళ్ల మధ్య పెట్టండి. పెద్దవాళ్లలో చాలామందికి పడతాయి, అంటే సుమారు 40 మిల్లీమీటర్లు. బలవంతం చేయొద్దు.

గుట్కా, వక్క నమిలేవారికి వేళ్లు రెండే పడుతూ, కారం తగిలితే నోరు భగ్గుమంటుంటే తప్పు ఎద్దులది కాదు. బుగ్గల లోపలి పొర బిగుసుకుపోతోంది. అది క్యాన్సర్‌కు దారితీయగలదు, పళ్ల డాక్టరుకు వెంటనే చూపించాలి. నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు దవడ లాగుతూ చెమటలు పడితే అది గుండె సంగతి కావచ్చు, అద్దం ముందు నిలబడే టైమ్ కాదు. ఎమర్జెన్సీకి వెళ్లాలి.

ఆవలిస్తే మా నాయనమ్మ చిటికె వేసేది, నోట్లోకి ఏదో దూరుతుందని. దూరేదేమీ లేదు గానీ, ఆవలింతకు దవడ జారి నోరు మూతపడకుండా ఉండిపోవడం మాత్రం నిజమే. సుమారు 3600 ఏళ్ల నాటి ఈజిప్టు పపైరస్‌లోనే దాన్ని సరిచేసే పద్ధతి రాసి ఉంది. అయినా ఇంట్లో ప్రయత్నించకండి. మళ్లీమళ్లీ జారేవాళ్లు ఆవలించేటప్పుడు చిటికెకు బదులు గడ్డం కింద పిడికిలి ఆనించుకుంటే మేలు.

ఇక ఆ పాఠకురాలికి: మూడు వేళ్లు పట్టి, నొప్పి లేకపోతే ఆ టక్కును దాని మానాన వదిలేయండి. చ్యూయింగ్ గమ్ మానండి. టెన్షన్‌లో పళ్లు బిగిస్తున్నారేమో గమనించండి. పెదాలు కలిసే ఉండొచ్చు, పళ్లు మాత్రం విడిగా ఉండాలి.